స్టాపు కాని చోట ఆగే బస్సు

డిపోలో అతన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, ఇంకెక్కడా దాని అవసరం పడలేదు. కట్టుకున్న భార్య సైతం కోపం వచ్చినప్పుడు "ఏమండీ నిదానంగారూ" అంటుంది. అతను నడిపే ఇరవయ్యేడో నంబరు బస్సు ఏ రోజైనా సరే తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా డిపోకు చేరుతుంది. అందుకని ఆ పేరు. తోటి డ్రైవర్లు ఆటపట్టిస్తే "నిదానమే ప్రధానం" అంటాడు. "ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దలే అన్నారు కదా" అని వాళ్ళంటారు. "నా ట్యాంకులో ఉన్నది డీజిలు నాయనా, అమృతం కాదు, విషమయ్యేదేం లేదు" అని ఇతనంటాడు. ఈ మాటలు ఎన్నాళ్ళుగా అనుకుంటున్నారో ఎవరికీ గుర్తులేదు. అయినా ప్రతిసారీ నవ్వుతారు. బస్సు డ్రైవర్లకు కొత్త హాస్యం వెతుక్కునే తీరిక ఎక్కడిది?

నిజానికి అతను నెమ్మదిగా నడిపే మనిషి కాడు. మార్కెట్టు దగ్గర లారీకీ మోటారుసైకిళ్ళకూ మధ్య కాస్త సందు దొరికిందంటే సూదిలో దారం ఎక్కించినట్టు బస్సును అవతలికి లాగేస్తాడు. రైల్వేస్టేషను నుంచి పెద్దాసుపత్రి దాకా ఎవరికీ తీసిపోడు. ఆ తొమ్మిది నిమిషాలూ పోయేది ఆసుపత్రి దాటాక, బస్సు మెయిన్‌రోడ్డు వదిలి మిట్ట ఎక్కిన తర్వాత. మిట్ట మీద ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. మధ్యలో పాములాంటి రోడ్డు, రోడ్డు పక్కన ఎనిమిది స్టాపులు. కిందికి నడిచి పోవాలంటే మెట్లదారి ఉంది కానీ, అది మోకాళ్ళు బాగున్నవాళ్ళ దారి.

అక్కడ ఉండేవాళ్ళంతా పొద్దున్నే కిందికి దిగి సాయంత్రం పైకి ఎక్కే జనం. ఆసుపత్రి ఆయాలు, బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఒక లెక్కల మాస్టారు. అందరి దగ్గరా నెలవారీ పాసులే. టికెట్టు కొట్టే పని లేదు కాబట్టి కండక్టరమ్మ మిషను మిట్ట మీద నోరు మెదపదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాత మనిషి కొంప ముంచింది ఇదే.

వ్యవహారం మొదలైంది పదిహేనేళ్ళ కిందట. ఆ రోజు కుండపోత వాన. నీలం గేటు ముందు ఒక ఆవిడ కుట్టుమిషను తలకాయను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. స్టాపు ఇంకా పైకి రెండొందల నలభై అడుగులు ఉంది. అది అడుగుల లెక్క కాదు, ఎక్కుడు లెక్క. నిదానం బ్రేకు వేశాడు. ఆవిడ ఎక్కింది. ఆవిడ మార్కెట్టులో ఒక చిన్న కొట్లో కూర్చుని ప్యాంట్లకు కాళ్ళు కురచ చేసి కుడుతుంది. మిట్ట మీద అందరూ మిషనత్త అంటారు.

మర్నాడు వాన లేదు. మిషనూ లేదు. ఆవిడ మాత్రం అదే గేటు ముందు చెయ్యి ఎత్తి నిలబడింది. నిదానం కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తా, స్టాపు పైన ఉంది" అన్నాడు.

"నిన్న మిషనుకు ఆపావు, ఇవాళ మనిషికి ఆపవా?" అంది ఆవిడ.

ఈ ప్రశ్నకు రవాణా సంస్థ నిబంధనల పుస్తకంలో జవాబు లేదు. ఆపాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కానీ, ఒకసారి తొక్కాక రోజూ తొక్కడమే అయింది. మిషనత్తకు ఆపినప్పుడు పై వీధి బాలింతకు ఆపకపోవడం ఏం న్యాయం? బాలింతకు ఆపినప్పుడు కర్ర సాయంతో నడిచే ముసలాయనకు? ఆ తర్వాత కర్ర లేనివాళ్ళు కూడా కర్ర ఉన్నట్టే చూడటం మొదలుపెట్టారు. చివరికి ఎనిమిది స్టాపుల మిట్ట మీద ముప్పై ఒక్క చోట్ల బస్సు ఆగేది. వాటికి పేర్లు కూడా వచ్చేశాయి. నీలం గేటు, పిండిమర, కుక్కల అరుగు, రెండు నీళ్ళ ట్యాంకులు.

స్టాపు కాని చోట బస్సు ఆపడం పెద్ద తప్పు. ఎప్పుడో ఎక్కడో అలా దిగిన ప్రయాణికుడిని వెనకాల వచ్చిన మోటారుసైకిలు గుద్దిందట, అప్పట్నుంచి అది సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసే నేరం. నిదానానికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆపే ముందు అద్దంలో రెండుసార్లు చూస్తాడు. కండక్టరమ్మకూ తెలుసు. నలభై దాటిన మనిషి, నోరు ఎంత పెద్దదో మనసూ అంతే. ఆమె అనధికారపు చోట్లకు బెల్లు కొట్టదు. బెల్లు కొడితే ఆపమని ఆజ్ఞ ఇచ్చినట్టు లెక్క. అందుకని దగ్గుతుంది. ఒక దగ్గు దగ్గితే పిండిమర, పొడిగా రెండు దగ్గితే కుక్కల అరుగు. కొత్తగా ఎక్కినవాళ్ళు జాలిపడి "మంచి డాక్టరుకు చూపించుకోమ్మా" అంటుంటారు. పదిహేనేళ్ళలో ఆమెకు దగ్గు మాత్రలు ఎన్ని వచ్చాయో చెప్పలేం.

ఇక ఈ కథలో నిదానానికి ఉన్న ఆశ ఏమిటో చెప్పాలి. అతనికి రిటైరు కావడానికి అయిదు నెలలుంది. ఆ తర్వాత డ్రైవర్ల శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకు బస్సు నేర్పే పని ఇస్తామన్నారు. ఒకటే షరతు, సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా ఉండకూడదు. అతని పుస్తకం ముప్పై ఏళ్ళుగా మల్లెపువ్వు. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఆలస్యాన్ని ఎవరూ ఎర్ర సిరాతో రాయరు, రాస్తే సిరా చాలదు. నేర్పడమంటే అతనికి ప్రాణం. ఆ పని కోసం అప్పుడే ఒక నోటుపుస్తకం కొని పాఠాలు రాసుకుంటున్నాడు. మొదటి పాఠం అద్దాల గురించి. రెండో పాఠం ప్రయాణికుడు మెట్టు మీద ఉండగా క్లచ్చు వదలకపోవడం గురించి. పదకొండో పాఠం దాకా వచ్చాడు. ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటే అతనికి ఊపిరాడదు. అతను ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటే భార్యకూ ఊపిరాడదు. ఈ ఒక్క విషయంలో దంపతులిద్దరిదీ ఒకటే మాట.

అలా ఉండగా ఒక సోమవారం పొద్దున మిట్ట మీది రెండో స్టాపులో ఒక కుర్ర గుమాస్తా నిలబడి ఉన్నాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు. బస్సు రాగానే గడియారం చూసి ఏదో రాసుకున్నాడు. మూడో స్టాపులో ఇంకొకడు. వాడూ రాసుకున్నాడు. రెండు చోట్లా ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు, అందరూ తమ తమ గేట్ల దగ్గరే ఎక్కేశారు.

కండక్టరమ్మ గబగబా ముందుకొచ్చి డ్రైవరు సీటు వెనక కడ్డీ పట్టుకుంది. "అన్నయ్యా, తనిఖీ" అంది గొంతు తగ్గించి. "పోయిన నెల పక్క డిపోలో స్టాపు కాని చోట ఆపాడని ఒకణ్ణి ఇంటికి పంపించారు. ఇప్పుడు మన వంతు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇద్దరూ ఒకేసారి అద్దంలోకి చూసుకున్నారు. ఆ గుమాస్తాలు ఎందుకొచ్చారని ఎవరినీ అడగలేదు. అడిగితే అనుమానం వస్తుందని భయం. అడిగి ఉంటే ఈ కథే లేదు.

మధ్యాహ్నానికల్లా మిట్ట అంతా కబురు పాకింది. ఏర్పాట్లన్నీ మిషనత్త చేతిమీదుగా జరిగాయి. గుమాస్తా కంటికి కనబడేంత దూరంలో ఎవరూ బస్సెక్కకూడదు, దిగకూడదు. ప్రతి స్టాపుకూ ముందో వెనకో మలుపు ఉంటుంది కదా, ఆ మలుపు చాటున నిలబడాలి. బస్సు అక్కడ ఆగుతుంది, ఎక్కేయాలి. తర్వాత స్టాపు దగ్గర బస్సు బుద్ధిగా ఆగి, తలుపు తెరిచి, అయిదు లెక్కపెట్టి, తలుపు మూసుకుని పోతుంది. గుమాస్తా ఎంత చూసినా తప్పు దొరకదు.

స్టాపుకు సరిగ్గా ఎదురుగా ఇల్లున్న లెక్కల మాస్టారు కూడా మర్నాడు పొద్దున్నే సంచీ భుజానేసుకుని మలుపు దాకా నడిచి వచ్చాడు. కండక్టరమ్మ ఆశ్చర్యపోయి, "మీరు స్టాపులోనే ఎక్కొచ్చు కదా మాస్టారూ, మీ ఇల్లు అక్కడే కదా" అంది.

"అలా కాదమ్మా" అన్నాడాయన. "నేనొక్కణ్ణే ఎక్కాననుకో, లోపలున్న మిగతా అరవైమంది ఎక్కడ ఎక్కారని అడుగుతారు. ఎవరూ ఎక్కకపోతే అడగడానికేం ఉండదు. సున్నాకు అనుమానం రాదు."

అందరూ ఆయన తెలివికి తల ఊపారు. పాపం, చదువుకున్న మనిషి చెప్పాడు కదా.

వారం రోజులు ఆ నాటకం చక్కగా నడిచింది. మిట్ట మీద ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు, ఏ ఇంట్లో పాలు విరిగినా మెయిన్‌రోడ్డు దాకా తెలుస్తుంది. అలాంటిది ఈ సంగతి మాత్రం ఒక్క గుమాస్తా చెవిన పడలేదు. శనివారం సాయంత్రం గుమాస్తాలు అట్టలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. కండక్టరమ్మ బస్సంతటికీ బిస్కెట్లు పంచింది. "మన అన్నయ్య పుస్తకంలో ఎర్ర చుక్క పడనిస్తామా!" అంది. నిదానానికి ఇంతమంది తన కోసం మలుపుల చాటున నక్కి నిలబడ్డారన్న సంగతి తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది, గర్వంగానూ ఉంది.

మూడు వారాల తర్వాత డిపో నోటీసుబోర్డు మీద ఒక కాగితం అంటించారు. డ్యూటీకి వచ్చిన నిదానం కళ్ళజోడు తగిలించుకుని చదివాడు. ఇరవయ్యేడో నంబరు మార్గం వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆసుపత్రి దగ్గరే ముగుస్తుంది. మిట్ట మీదికి బస్సు ఉండదు. కారణం కింద ఒక పట్టిక. ఒకటి నుంచి ఎనిమిది వరకూ స్టాపులు, వారం రోజుల పరిశీలన, ఎక్కినవారు సున్నా, దిగినవారు సున్నా. ఎనిమిది వరుసల్లో సున్నాలు కోడిగుడ్ల అట్టలో గుడ్లలా పొందికగా కూర్చున్నాయి. అభ్యంతరాలుంటే వచ్చే శుక్రవారంలోగా చెప్పుకోవచ్చు.

వచ్చినవాళ్ళు తప్పులు పట్టేవాళ్ళు కాదు, తలలు లెక్కపెట్టేవాళ్ళు. బస్సు నిండా జనం ఉన్నారని వాళ్ళకు కనబడలేదా? కనబడే ఉంటుంది. కానీ కాగితంలో ఎక్కినవారికీ దిగినవారికీ గడులున్నాయి, లోపల కూర్చున్నవారికి గడి లేదు. లేని గడిలో ఎవడు రాస్తాడు? కండక్టరమ్మ మిషను చూద్దామన్నా, అందరివీ పాసులే కాబట్టి అందులోనూ మిట్ట మీద కొట్టిన టికెట్టు ఒక్కటీ లేదు. నిదానం బోర్డు పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. ఏర్పాటు మిషనత్తదే అయినా, మలుపుల చాటున బస్సు ఆపింది తను. ఆ బస్సును తన చేత్తో తనే చంపుకున్నాడు.

గురువారం పది గంటలకు మిట్ట మీది నుంచి ఏడుగురు డిపోకు వచ్చారు. డిపో మేనేజరు గదికి సగం ఎత్తు చెక్క అడ్డు మాత్రమే ఉంది. అవతల వరండాలో నిదానం బస్సు తాళం కోసం నిలబడి ఉన్నాడు. లోపలి ప్రతి మాటా వినబడుతోంది.

"ఆ వారం మా మిట్ట మీద అందరికీ జ్వరాలు సార్" అంటోంది మిషనత్త.

"అందరికీనా?"

"అందరికీ. ఇంటిల్లిపాదీ మంచాల మీదే."

"మా స్కూలుకు సెలవులు" అన్నాడు లెక్కల మాస్టారు. మేనేజరు గోడ మీది క్యాలెండరు వైపు చూసి ఉంటాడు. మాస్టారు దగ్గాడు. ఆ దగ్గులో కండక్టరమ్మ దగ్గుకున్న నేర్పు లేదు.

మేనేజరు చెడ్డవాడు కాడు. విసుక్కోకుండానే మాట్లాడాడు. "అమ్మా, మిట్ట మీద జనం ఉన్నారని నాకూ తెలుసు. కానీ నా పైవాళ్ళకు కాగితం కావాలి. ఆ వారం మీరెవరూ స్టాపుకు ఎందుకు రాలేదో నిజం చెప్పండి. సరైన కారణముంటే మళ్ళీ లెక్క వేయిస్తాను. మీరు పనికి వెళ్ళలేదా? వేరే బండిలో వెళ్ళారా? ఎలా వెళ్ళారు?"

నిదానం చెక్క అడ్డుకు దగ్గరగా జరిగాడు. చెప్పేస్తారనుకున్నాడు. చెప్పేయాలి కూడా. మిషనత్తకు అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, బస్సు లేకపోతే ఆ కొట్టూ లేదు, ఆ కుట్టుపనీ లేదు. ఒక్క మాట చెబితే బస్సు నిలబడుతుంది.

"రాలేదు సార్. అంతే" అంది మిషనత్త.

"అంతేనంటే నేనేం చేయలేనమ్మా."

"సరే సార్."

ఏడుగురూ బయటికొచ్చారు. వరండాలో నిదానం ఎదురుగానే ఉన్నాడు. మిషనత్త అతన్ని చూసి, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూపు తిప్పుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది. మిగతా ఆరుగురూ అలాగే పోయారు. పలకరిస్తే పరిచయం బయటపడుతుందని వాళ్ళ జాగ్రత్త. నిదానానికి ఏడుపొచ్చింది. యాభై ఏడేళ్ళ మనిషి, యూనిఫారంలో, డిపో వరండాలో గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఆ రోజు రెండు గంటల ట్రిప్పులో మిట్ట జనం ఎప్పటిలాగే ఎక్కారు, దిగారు, ధరవరల గురించీ మొగుళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. బస్సు పోతోందన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. అతన్ని ఎవరైనా తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

సాయంత్రం భార్య ఆసుపత్రి దుప్పట్ల గదిలో పని ముగించుకుని వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడిచేతులతోనే అన్నీ విన్నది. "ముందు నుయ్యి, వెనక గొయ్యి" అన్నాడు నిదానం.

"ఏది నుయ్యి, ఏది గొయ్యి?"

"చెబితే పుస్తకంలో ఎర్ర సిరా పడుతుంది. శిక్షణ కేంద్రం మాట మరిచిపోవాలి. చెప్పకపోతే మిట్ట మీదికి బస్సుండదు."

"చెప్పకుండా ఉంటే మీకు నిద్ర పడుతుందా?"

"పట్టదు."

"మీకు పట్టకపోతే నాకెక్కడ పట్టనిస్తారు? పక్కన పొర్లుతూనే ఉంటారు." ఆమె చేతులు తుడుచుకుంది. "పదకొండు పాఠాలు రాశారు కదా, మెట్టు మీద మనిషి ఉండగా బండి కదపకూడదని. మిట్ట జనమంతా ఇప్పుడు మెట్టు మీదున్నారు. ఇంకేం చెప్పను మీకు?" ఆ మాట అని కూర తరగడానికి వెళ్ళింది. వెళ్ళి చాలాసేపు కత్తి చప్పుడు చేయలేదు. ఆమెకూ ఆ నోటుపుస్తకం అంటే ఇష్టమే.

శుక్రవారం తొమ్మిదింటికే నిదానం మేనేజరు ఎదుట నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఉన్నదంతా చెప్పాడు. మేనేజరు కలం మూతను తీస్తూ పెడుతూ విన్నాడు.

"ఎన్ని చోట్ల ఆపుతున్నారు?"

"ముప్పై ఒక్క చోటండి."

"ముప్పై ఒకటా!"

"ముప్పై రెండుండేవండి. ఒకాయన ఇల్లు మారారు."

మేనేజరు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశాడు. "కండక్టరుకు తెలుసా?"

"ఆవిడకు తెలియదండి."

"ముప్పై ఒక్క చోట బస్సు ఆగితే కండక్టరుకు తెలియదా?"

"ఆవిడ ఎప్పుడూ జలుబుతో బాధపడుతుంటుందండి" అన్నాడు నిదానం. అబద్ధమాడటం చేతకానివాడు ఆడితే ఇలాగే ఉంటుంది.

మేనేజరు కలం కింద పెట్టేశాడు. "చూడండి, మీరు నోటితో చెప్పింది నేను విననట్టు ఉండగలను. నాలుగు నెలల్లో దిగిపోయే మనిషి మీరు. కానీ మళ్ళీ లెక్క వేయించమని రాయాలంటే కారణం కాగితం మీద ఉండాలి. మీ సంతకంతో. ఆ కాగితం పైకి పోయాక ఎర్ర సిరా నా చేతిలో ఉండదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"ఇవాళే ఆఖరు రోజు కదండీ."

"అవును."

"కాగితం ఇవ్వండి" అన్నాడు.

నిలబడే రాశాడు. స్టాపులు కాని చోట్ల బస్సు ఆపుతున్నాననీ, లెక్కల వారం ప్రయాణికులను స్టాపులకు రావద్దన్నది తానేననీ, తప్పంతా తనదేననీ, జనానికి బస్సు అవసరమనీ. చక్కటి గుండ్రటి రాత. సంతకం దగ్గర మాత్రం చెయ్యి కాస్త ఆగింది. ఆగిందే తప్ప వెనక్కి రాలేదు.

ఆ మధ్యాహ్నమే అతన్ని ఇరవయ్యేడు నుంచి తప్పించారు. మిగిలిన నాలుగు నెలలూ డిపో వెనక యార్డులో పని. బస్సులను కడిగే చోటికి తీసుకెళ్ళడం, కడిగాక వరసలో పెట్టడం. అరకిలోమీటరు కూడా ఉండదు, మొదటి గేరు దాటే అవసరం రాదు. శిక్షణ కేంద్రం నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, అందులో విచారం అన్న మాట ఒకసారి ఉంది. కండక్టరమ్మ యార్డు దాకా వచ్చి పోట్లాడింది. "నాకు తెలియదని చెప్పారట! పదిహేనేళ్ళు గొంతు పగిలేలా దగ్గింది ఎవరు మరి?" అని అరిచి, వెళ్ళేటప్పుడు కళ్ళొత్తుకుంది.

మళ్ళీ లెక్క సోమవారం నుంచి అన్నారు. ఆదివారం సాయంత్రం నిదానం భార్యను వెంటబెట్టుకుని మిట్ట ఎక్కాడు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. రేపట్నుంచి స్టాపు, స్టాపులోనే. కొత్త డ్రైవరు ఎక్కడా ఆపడు, ఆపమని అడగొద్దు, చెయ్యెత్తొద్దు. పిల్లలకు నడక నేర్పినట్టు జనానికి స్టాపు నేర్పాల్సి వచ్చింది. కొందరికి తమ స్టాపు ఎక్కడుందో కూడా తెలియదు, అంత గారాబం చేసి చెడగొట్టాడు.

సోమవారం అతనికి యార్డులో పని పన్నెండింటికి. ఏడు కాకముందే నీలం గేటు దగ్గరికొచ్చాడు. మిషనత్త గేటు గొళ్ళెం వేసి, చేతిసంచి సర్దుకుంది. "నువ్వెందుకొచ్చావు నాయనా?"

"ఊరికే అత్తా. పద, నడుద్దాం."

రెండొందల నలభై అడుగులు. మామూలు మనిషికి మూడు నిమిషాలు. ఆవిడ ప్రతి ఇరవై అడుగులకూ ఆగి గోడ పట్టుకుంది. అతను చెయ్యి అందించబోతే వద్దంది. పిండిమర దాటాక మాత్రం తనంతట తనే అతని మోచెయ్యి పట్టుకుంది. స్టాపు చేరేసరికి పదిహేడు నిమిషాలైంది. అప్పటికే అక్కడ ఇరవైమంది దాకా ఉన్నారు. లెక్కల మాస్టారు వరసలో మొదటివాడు, ఆ అట్ట పట్టుకున్న గుమాస్తాకు మరీ దగ్గరగా, ఎక్కడ లెక్క తప్పుతాడోనని నిలబడ్డాడు.

మిషనత్త బెంచీ మీద కూర్చుని రొప్పింది. తర్వాత, "ఇంత దూరమా ఇది?" అంది. "రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఇంత దూరమని తెలియలేదు."

నిదానం వాళ్ళు నడిచి వచ్చిన దారి వైపు చూశాడు. రేపూ ఆవిడ ఈ దూరం నడవాలి, ఎల్లుండీ నడవాలి. బస్సును నిలబెట్టాడు కానీ ఈ అడుగులను ఏం చేయలేడు. "కాస్త ముందుగా బయల్దేరు అత్తా" అన్నాడు. చెప్పగలిగింది అంతే.

ఇరవయ్యేడు వచ్చింది. టైముకు వచ్చింది. కొత్త డ్రైవరు గీత గీసినట్టు స్టాపులో ఆపాడు. గుమాస్తా ఒక్కొక్కరికీ ఒక గీత పెడుతున్నాడు. మిషనత్తను ఎక్కించి నిదానం వెనక్కి తగ్గబోతే, కుర్రాడు తలెత్తి, "మీరు ఎక్కుతున్నారా, లేదా? రాసుకోవాలి" అన్నాడు.

యార్డు పనికి ఇంకా అయిదు గంటలుంది. కింద అతనికి ఏ పనీ లేదు. "ఎక్కుతున్నాను, రాసుకో" అన్నాడు నిదానం. కుర్రాడు ఇంకో గీత గీశాడు.

సీట్లు లేవు. నిలబడాలి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడికి బస్సులో నిలబడటం రాదని అప్పుడు తెలిసింది. మొదటి మలుపుకే వెళ్ళి మాస్టారు మీద పడ్డాడు. రెండో మలుపుకు కండక్టరమ్మ భుజం పట్టుకుని ఆపింది. బస్సంతా పగలబడి నవ్వింది. "పైన కడ్డీ పట్టుకో నాయనా, కాళ్ళు ఎడంగా పెట్టు. మోకాళ్ళు బిగించకు" అని సీట్లోంచి మిషనత్త చెప్పింది. అతను చెప్పినట్టే పెట్టాడు. ముందు అద్దంలో స్టీరింగు మీదున్న చేతులు కనబడుతున్నాయి. అవి తన చేతులు కావు.

మిషనత్త అతని చొక్కా చివర పట్టుకుని లాగింది. "బాధగా ఉందా?"

"ఉందత్తా" అన్నాడు. "చాలా ఉంది."

ఆవిడ చొక్కా వదల్లేదు. పక్కకు జరిగి, ఇద్దరు కూర్చునే సీట్లో మూడో మనిషికి జానెడు చోటు చేసింది. "మరి కూర్చో" అంది.